గచ్చిబౌలిలోని రాజ్యాంగాక్షరము

సైబరాబాదు సౌధపంక్తుల కనతిదూరమున, గచ్చిబౌలి శిలాసమూహముల నడుమ విస్తరించియున్న హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు మూలము భారత రాజ్యాంగమందలి 371-ఇ అధికరణమని ఆ దారిన నిత్యము పోవువారిలో ఎందరెరుగుదురు? ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున ఒక విశ్వవిద్యాలయమును స్థాపించుటకు పార్లమెంటు శాసనము చేయవచ్చునని మాత్రమే అది పలుకును. 2014లో రాష్ట్రము విభక్తమై ఆ విద్యాలయము తెలంగాణకు చెందిన పిమ్మట, అక్షరమునే పట్టుకొనిన పాఠకునికి దాని తాత్పర్యము అందదు.

1969 నాటి తెలంగాణ ఉద్యమము, స్థానికులకు ఉద్యోగములందు ప్రాధాన్యమిచ్చు ముల్కీ నిబంధనలు చెల్లునని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, దానిపై రగిలిన జై ఆంధ్ర ఆందోళనము, ఆ రెండు ప్రాంతముల ఆవేదనలను చల్లార్చుటకై 1973 సెప్టెంబరు 21న వెలువడిన ఆరు సూత్రముల పథకము, ఈ క్రమము నెరిగినవానికే, విద్యావకాశముల పెంపునకై హైదరాబాదున కేంద్రీయ విశ్వవిద్యాలయమును నెలకొల్పుదుమన్న వాగ్దానము 32వ సవరణమున రాజ్యాంగమున కెక్కి 1974లో శాసనరూపము దాల్చిన తీరు బోధపడును. రాజ్యాంగమును దాని రచనాకాలపు వివాదములతో కూడ చదువుట పౌరుని విధియని నా దృఢవిశ్వాసము.

అదే సవరణమున జనించి, ప్రభుత్వోద్యోగములందును విద్యాప్రవేశములందును స్థానికులకు రక్షణ కల్పించు 371-డి అధికరణమున తెలంగాణ నామమును చేర్చిన విభజన చట్టము, 371-ఇ జోలికి పోలేదు.