పెంటకుప్ప నుంచి వానపాముల మడి దాకా: మంజీర పడమటి మెట్టలో నేల సారానికి అయిన ఖర్చు

ప్రవేశిక

వానపాముల ఎరువును గురించి తెలుగులో వచ్చిన రచనల్లో అధికభాగం తయారీ విధానాన్ని వివరించేవే. మడి పొడవు ఎంత ఉండాలి, ఎన్ని కిలోల వానపాములను వదలాలి, ఎన్ని రోజులకు ఎరువు చేతికి వస్తుంది అన్న విషయాలు వాటిలో విపులంగా ఉంటాయి. ఈ ఎరువు అవసరం ఎప్పుడు, ఎందుకు ఏర్పడింది, అంతకు పూర్వం ఆ పని దేనితో, ఎవరి శ్రమతో జరిగేది అన్న ప్రశ్నలు మాత్రం చరిత్ర విద్యార్థి అడగవలసినవి. కామారెడ్డి జిల్లాలోని పెద్దకొడప్‌గల్, దాని చుట్టూ ఉన్న జుక్కల్, పిట్లం, మద్నూరు ప్రాంతాల మెట్ట వ్యవసాయాన్ని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం ఆ ప్రశ్నలను పరిశీలిస్తుంది. వానపాముల ఎరువు 'తక్కువ ఖర్చు ఎరువు'గా ప్రచారం పొందింది. కాని ఆ ఖర్చును నిర్ణయించింది ఏనాడూ వానపాము కాదు, పేడ. పేడ చరిత్రను విడిచిపెట్టి వానపాముల ఎరువు చరిత్రను రాయడం సాధ్యం కాదన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

ప్రాంతం, నేల, పెంట

నిజామాబాదు జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. పెద్దకొడప్‌గల్ అప్పుడే మండల కేంద్రమైంది. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు దగ్గరగా ఉండడం వల్ల ఇక్కడ తెలుగుతో పాటు మరాఠీ, కన్నడం కూడా వినిపిస్తాయి. దక్కన్ నల్లరాతి పీఠభూమి అంచు కావడం వల్ల నల్లరేగడి విస్తారంగా ఉంది, అక్కడక్కడ ఎర్రనేల కనిపిస్తుంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్ట బాన్సువాడ, బోధన్ వైపు భూములను వరికి, చెరకుకు మళ్ళించింది. జుక్కల్ వైపు మెట్ట మాత్రం జొన్న, కంది, పెసర, మినుము, పత్తిపైనే చాలాకాలం నిలిచింది. ఇటీవలి దశాబ్దాల్లో సోయాచిక్కుడు వాటిలో పెద్ద భాగాన్ని ఆక్రమించింది.

మెట్ట రైతుకు నేల సారం మూడు మార్గాల్లో వచ్చేది. కొట్టంలోని పేడ, చెత్త, బూడిద ఏడాది పొడవునా పెంటకుప్పలో చేరి, ఎండాకాలంలో బండ్ల మీద పొలానికి వెళ్ళేవి. గొర్రెల మందను రాత్రిపూట చేనులో నిలిపి, కాపరికి ధాన్యమో పైకమో ఇచ్చేవారు. చెరువు ఎండినప్పుడు ఒండ్రుమట్టిని తోలుకునేవారు. ఈ మూడింటిలో ఏదీ అంగట్లో కొనే సరుకు కాదు. అంతమాత్రాన ఉచితమని భావించడం పొరపాటు. కొట్టం ఊడ్చి పేడ ఎత్తినది స్త్రీ, పశువులను మేపినది జీతగాడు, బండికి ఎత్తి పొలంలో చల్లినది కూలివాడు. వెట్టి, జీతం వ్యవస్థలు బలంగా ఉన్న కాలంలో ఈ శ్రమకు నగదు విలువ కట్టనందువల్లనే పెంట చవకగా కనిపించింది. పాత సేద్యాన్ని 'ఖర్చు లేని సేద్యం' అని నేడు కీర్తించే రచనలు ఈ అంశాన్ని స్పృశించకుండా దాటిపోవడం విచారకరం.

ప్రాచీన ఆధారాలలో వానపాము

వానపాముల ఎరువు మన పూర్వులకు తెలిసినదేనన్న మాట సభలలో తరచు వినబడుతుంది. ఆధారాలు ఆ మాటను సమర్థించడం లేదు. కృషిపరాశరం మాఘమాసంలో పెంటకుప్పను తవ్వి, ఎండబెట్టి, పొడిచేసి, ఫాల్గుణంలో పొలంలోని గుంటలలో నింపమని విధిస్తుంది. అందులో వానపాము ప్రసక్తి లేదు. ఎండలో ఆరిన పొడిలో అది బతికే అవకాశమూ లేదు. అమరకోశం గండూపద, కించులక శబ్దాలను వారివర్గంలో, అంటే నీటి జీవుల మధ్య చేర్చింది. రసశాస్త్ర గ్రంథాలు భూనాగమన్న పేరుతో దాని నుంచి లోహసత్త్వం తీసే ప్రక్రియలను వివరించాయి. పల్లెలో చేపల గాలానికి గుచ్చే ఎర్రగా అది అందరికీ పరిచితమే. ఔషధంగా, ఎరగా, వానకు సూచనగా వానపాము మన జ్ఞానంలో ఉంది. ఎరువు తయారుచేసే జీవిగా లేదు. ఈ లోటును ఒప్పుకోవడం వల్ల మన సంప్రదాయానికి వచ్చే నష్టమేమీ లేదు.

ఆ గుర్తింపు చార్లెస్ డార్విన్ ద్వారా వచ్చింది. 1837లో లండన్ భూగర్భశాస్త్ర సంఘం ఎదుట చదివిన పత్రంతో మొదలైన ఆయన పరిశీలన 1881లో గ్రంథరూపం దాల్చింది. ఇంగ్లండులోని అనేక ప్రాంతాలలో ఏటా ఎకరానికి పది టన్నులకు పైగా మట్టి వానపాముల దేహం గుండా వెళ్ళి పైకి వస్తుందని ఆయన లెక్కగట్టాడు. కలకత్తా వృక్షోద్యానం నుంచి, నీలగిరి కొండల నుంచి తెప్పించుకున్న బురుజుల వంటి విసర్జనలను కూడా ఆ గ్రంథంలో వర్ణించాడు. అయితే డార్విన్ వానపాములను పెంచమనలేదు. పొలంలో అవి చేస్తున్న పనిని చూపాడు, అంతే. పొలంలోని వానపాముకూ, మడిలో పెంచే వానపాముకూ గల ఈ భేదం తరువాతి చర్చలలో పలుమార్లు మరుగున పడింది.

పొయ్యికా, పొలానికా?

1889లో భారతదేశానికి వచ్చిన జాన్ అగస్టస్ వోల్కర్ 1893 నాటి తన నివేదికలో ఒక సూటి విషయం చెప్పాడు. భారతీయ రైతు పేడను కాల్చడానికి కారణం అజ్ఞానం కాదు, వంటచెరకు లేకపోవడం. ఇంధనానికి, మేతకు అడవులను కేటాయిస్తే పేడ పొలానికి చేరుతుందని ఆయన సూచించాడు. బ్రిటిషు ఇండియాను గురించి రాసినదే అయినా, చెట్టు తక్కువైన ఏ నల్లరేగడి గ్రామానికైనా ఈ మాట వర్తిస్తుంది. పిడక పొయ్యిలోకి పోయిన మేరకు పొలం నష్టపోయేది.

ఇక్కడ తెలంగాణ గ్రామ చరిత్రలో ఒక విచిత్రమైన కాలవ్యత్యయం కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ప్రారంభమైన దీపం పథకం మహిళా సంఘాల సభ్యుల ఇళ్ళకు గ్యాసు పొయ్యిని చేర్చింది. వోల్కర్ కోరుకున్నట్టు పేడ పొయ్యి నుంచి విడుదల పొందే అవకాశం వచ్చింది. సరిగ్గా ఆ కాలానికే ట్రాక్టరు రాకతో కాడెడ్లు తగ్గిపోసాగాయి. పొయ్యి పేడను వదిలే నాటికి కొట్టంలో పేడ పెట్టే పశువు తగ్గింది. 2019 పశుగణనలో తెలంగాణ సుమారు 1.9 కోట్ల గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ఆవులు, ఎడ్ల సంఖ్య మాత్రం 2012తో పోలిస్తే పడిపోయింది. మంద పెట్టించుకునే అవకాశం మిగిలింది, పెంటకుప్ప కుంగిపోయింది.

ఇందూరు నుంచి కొత్తపల్లి దాకా

పేడ తక్కువైనచోట చెత్తతో ఎరువు చేయడం ఎలా అన్న సమస్యకు ఆల్బర్ట్ హోవర్డ్ చూపిన పరిష్కారం మధ్యభారతంలోని ఇందూరులో రూపుదిద్దుకుంది. (ఇందూరు నిజామాబాదుకు కూడా పాతపేరే. ఇక్కడ చెబుతున్నది హోల్కర్ల ఇందూరు.) 1924 నుంచి 1931 వరకు అక్కడ పనిచేసిన హోవర్డ్, యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో ప్రకటించిన గ్రంథం పంటల అవశేషాలను, కొద్దిపాటి పేడను, మూత్రం నానిన మట్టిని, బూడిదను పొరలుగా పేర్చి, తిరగవేస్తూ సుమారు మూడు నెలలలో ఎరువు చేసే పద్ధతిని వివరించింది. అందులో వానపాముల పెంపకం లేదు. కాని 1945లో డార్విన్ గ్రంథాన్ని లండన్‌లో పునర్ముద్రించినప్పుడు దానికి ముందుమాట రాసినది హోవర్డే. 1947లో అమెరికాలో థామస్ బారెట్ వానపాముల పెంపకంపై పుస్తకం ప్రచురించాడు. ఈ విధంగా కంపోస్టు, వానపాము అన్న రెండు ధారలు ఒకదానికొకటి చేరువయ్యాయి.

భారతదేశంలో అవి కలిసినది 1980ల నుంచి. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రాధా కాలే, చెన్నై న్యూ కాలేజీలో సుల్తాన్ ఇస్మాయిల్, పుణేలో ఉదయ్ భవాల్కర్ ఈ రంగానికి పునాదులు వేశారు. ఐరోపా జాతి ఐసీనియా ఫెటిడా, పశ్చిమాఫ్రికా జాతి యూడ్రిలస్ యూజీనియే, ఆసియాకు చెందిన పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ మడులలో స్థిరపడ్డాయి. రసాయన ఎరువుల ధరలు ఈ ఎరువుకు అదను కల్పించాయి. 1992 ఆగస్టులో భాస్వరం, పొటాష్ ఎరువులపై ధరల నియంత్రణ తొలగింది, యూరియాపై మాత్రం కొనసాగింది.

మన ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1999లో రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో చేపట్టిన వాటర్‌షెడ్ కార్యక్రమం. పశువులు తినని వయ్యారిభామ కలుపును పూతకు ముందే కోసి, పేడతో కలిపి వానపాములకు ఆహారంగా వాడే పద్ధతిని అక్కడ మహిళా సంఘాలు చేపట్టాయి. సాంకేతికంగా ఇది హోవర్డ్ సమస్యకు చక్కని సమాధానం, ఎందుకంటే కొద్ది పేడతో ఎక్కువ చెత్త ఎరువుగా మారుతుంది. సామాజికంగా గమనించవలసిన విషయం వేరు. మడిని స్త్రీలకు అప్పగించడానికి కారణం కొట్టంలో పేడపని ఎప్పుడూ వారిదే కావడం. లెక్కలోకి రాని పాత శ్రమ 'ఆదాయ కల్పన' అన్న పేరుతో మొదటిసారి లెక్కలోకి వచ్చింది. దీనిని ప్రగతి అనే అంటాను. అయితే ఎరువు అమ్ముడుపోయిన చోట మాత్రమే అది ప్రగతి.

చవకను కొలిచే లెక్క

నిర్మాణ వ్యయం దృష్ట్యా వానపాముల మడికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. నీడలో పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తున ఇటుకలతో గాని, టార్పాలిన్ తొట్టితో గాని మడి కట్టవచ్చు. పచ్చి పేడ వేడికి వానపాములు చనిపోతాయి కనుక దానిని రెండు, మూడు వారాలు మాగనివ్వాలి. అడుగున కొబ్బరిపీచు లేదా గడ్డి, పైన పంటచెత్త, మాగిన పేడ పొరలు, వాటిపై వానపాములు, అన్నిటి మీద తడిపిన గోనెసంచి. రోజూ నీరు చల్లుతూ ఉంటే 45 నుంచి 60 రోజులలో టీపొడి వంటి ఎరువు తయారవుతుంది. నీరు ఆపితే వానపాములు కిందికి దిగుతాయి, పైన ఉన్నదాన్ని తీసి జల్లిస్తారు. ఒకసారి తెచ్చిన వానపాములు తమంతట తామే పెరుగుతాయి, రెండవసారి కొనవలసిన పని లేదు. చీమలు, కోళ్ళు, పందికొక్కుల నుంచి కాపాడుకోవాలి. కామారెడ్డి జిల్లా ఎండాకాలంలో ఈ జాబితాకు ఎండ మొదటి శత్రువుగా చేరుతుంది.

నత్రజనిని బట్టి లెక్కిస్తే చిత్రం మారుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం చొప్పున 20.7 కిలోల నత్రజని ఉంటుంది. వేపపూత ఖర్చు, పన్నులు కాక ఆ బస్తాకు ప్రభుత్వం నిర్ణయించిన ధర 242 రూపాయలు. ఒకటిన్నర శాతం నత్రజని గల వానపాముల ఎరువు నుంచి అదే పరిమాణం పొందడానికి 1,380 కిలోలు కావాలి. కొని వేసే రైతుకు ఇది అందుబాటులో ఉండే ఎరువు కాదని చెప్పడానికి మరో లెక్క అక్కరలేదు. అయితే ఈ పోలికలో యూరియా ధరలో దాగిన రాయితీని, ఎరువులోని సేంద్రియ కర్బనాన్ని పక్కన పెట్టాము. 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో వానపాముల ఎరువును చేర్చినప్పుడు విధించిన ప్రమాణం కనీసం 18 శాతం కర్బనం, ఒక శాతం నత్రజని. యూరియాలో నేలకు కర్బనాన్ని చేర్చే గుణం లేదు. ఎండితే బీటలు వారి, తడిస్తే జిగురయ్యే నల్లరేగడికి కర్బనం ఆహారం మాత్రమే కాదు, మట్టి కణాలను కట్టి ఉంచే బంధం కూడా. కనుక ఈ ఎరువును సొంత చెత్తతో, సొంత పేడతో తయారుచేసుకునే రైతుకు అది చవక, బస్తాలలో కొనే రైతుకు ఖరీదు. రెండు సందర్భాలకూ ఒకే విశేషణం వాడడం వల్లనే ప్రచారంలో గందరగోళం ఏర్పడింది.

దేశీ, విదేశీ వివాదం

సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన పెట్టుబడి లేని ప్రకృతి వ్యవసాయం తెలుగు ప్రాంతాలలో వ్యాపించిన కాలంలో వర్మీకంపోస్టుపై తీవ్రమైన విమర్శ వచ్చింది. మడులలో పెంచే ఐసీనియా ఫెటిడా నిజమైన వానపామే కాదని, విదేశీ జీవి అని, దేశీ వానపాములను పొలంలోనే మేల్కొల్పాలని ఆయన వాదన. ఇందులో మొదటి భాగం జీవశాస్త్రానికి నిలవదు. ఐసీనియా వానపామే, ఉపరితల జాతి. అది చెత్తలో, పేడలో బతుకుతుంది, మెట్ట పొలం మట్టిలో బొరియ చేసుకొని నిలవదు. రెండవ భాగంలో విలువ ఉంది. నేలలో లోతు బొరియలు చేసే జాతులు వాన నీటిని లోనికి దింపే పని మడిలోని వానపాములు చేయలేవు. పొలంలో ఎరువు చల్లితే వానపాములు చేరినట్టే అని భావించడం సరికాదు. కాని వానపాము ఏ దేశానిదన్న చర్చ సాగినంత గట్టిగా పేడ ఎవరి కొట్టం నుంచి రావాలన్న చర్చ సాగలేదు. జీవామృతానికైనా, మడికైనా ఆవు కావాలి. పశువు లేని కౌలురైతు రెండింటికీ వెలుపలే ఉన్నాడు.

మెట్టలో మిగిలిన వనరులు

పెద్దకొడప్‌గల్ వంటి గ్రామాలలో పేడ తగ్గినా చెత్త తగ్గలేదు. నూర్పిడి తరువాత సోయా పొట్టు, కంది ఆకు, మక్క బెండ్లు మిగులుతాయి. పత్తి కట్టె చాలావరకు చేనులోనే కాలిపోతుంది. వీటిలో సోయా పొట్టు, కంది ఆకు కాయజాతి పంటలవి కావడంతో నత్రజని కొంత ఎక్కువగా ఉండి త్వరగా మాగుతాయి. పత్తి కట్టెను ముక్కలు చేయకుండా మడిలో వేస్తే నెలల తరబడి అలాగే ఉంటుంది. 2015 మార్చి 12న ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ ఒండ్రుమట్టి తోలకాన్ని మళ్ళీ ముందుకు తెచ్చింది. పాత మూడు మార్గాలలో ఇది ఒక్కటే ప్రభుత్వ సాయంతో తిరిగి నిలిచింది. పెంటకుప్పకు అటువంటి పథకమేదీ రాలేదు.

2019లో ప్రారంభమైన పల్లెప్రగతి గ్రామపంచాయతీలకు ట్రాక్టరును, తడి, పొడి చెత్తలను వేరుచేసే షెడ్డును ఇచ్చింది. తడిచెత్తను కంపోస్టుగా మార్చే తొట్లు ఆ షెడ్లలో భాగం. పూర్వం ప్రతి ఇంటి వెనుక ఉన్న పెంటకుప్ప ఇప్పుడు ఊరి చివర పంచాయతీ ఆస్తిగా మారిందన్నమాట. ఇంటి పెంట ఇంటి పొలానికి పోయేది, షెడ్డు ఎరువు హరితహారం మొక్కలకు పోయింది. ఉపాధి హామీ కింద రైతు పొలంలో వర్మీకంపోస్టు తొట్టి మంజూరు కావచ్చు, కాని ఆ మంజూరు తొట్టి కట్టడానికే. దానిని నింపే పేడ, రోజూ చల్లే నీరు, జల్లించే స్త్రీ కూలి ఆ అంచనా పత్రంలో ఉండవు.