రక్తకణంలో తోకచుక్క

మన గ్రూపులో నర్సింగ్ చదివే అక్కలు, చెల్లెళ్ళు చాలామందే ఉన్నారు. కీమో వార్డులో డ్యూటీ పడిందంటే ఇంట్లోవాళ్ళు భయపడుతున్నారని కొందరు చెప్పారు. ఆ భయంలో నిజమెంత అని వెతుక్కుంటూ పోతే మేం మొదటి ప్రపంచ యుద్ధం దగ్గర తేలాం.

1917లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం మస్టర్డ్ గ్యాస్ వదిలింది. ఆ గ్యాస్ తగిలినవాళ్ళ రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోతున్నాయని 1919లో క్రంభార్ అనే డాక్టరు రాశాడు. 1942లో అమెరికాలోని యేల్‌లో దాని చుట్టమైన నైట్రోజన్ మస్టర్డ్‌ను ఒక క్యాన్సర్ రోగికి ఎక్కించారు. గడ్డలు కరిగాయి, మళ్ళీ వచ్చాయి. ఆయన బతకలేదు. యుద్ధ రహస్యం కదా, 1946 దాకా బయటికి చెప్పలేదు. కీమో పుట్టింది ఇలా, విషంలోంచి.

మరి ఆ మందు కణం లోపల డీఎన్ఏని ఎంత దెబ్బతీసిందో చూసేదెలా? 1984లో స్వీడన్‌లో ఓస్ట్‌లింగ్, యోహాన్‌సన్ ఒక దారి చూపారు. 1988లో అమెరికాలో నరేంద్ర పి. సింగ్ బృందం దాన్ని క్షార ద్రావణంలో చేసి, చిన్న తెగుళ్ళు కూడా కనిపించేలా మార్చింది. రోగి రక్తం కొంచెం చాలు. మన ఎర్రకణాల్లో కేంద్రకం ఉండదు కాబట్టి తెల్లకణాలే తీసుకుంటారు. వాటిని గాజు పలక మీద జెల్లీలో ఇరికించి, పొరలు కరిగించి, కరెంటు పెడతారు. డీఎన్ఏది రుణావేశం. తెగిన ముక్కలు ప్లస్ వైపు జారిపోతాయి. మైక్రోస్కోపులో గుండ్రటి తల, వెనక తోక. అందుకే దీన్ని కామెట్ పరీక్ష అంటారు. తోక ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ తెగినట్టు.

మమ్మల్ని ఆపేసింది ఇక్కడే. ఆ పాత నైట్రోజన్ మస్టర్డ్, ఇప్పుడు వాడే సిస్‌ప్లాటిన్ లాంటి మందులు డీఎన్ఏ రెండు పోగుల్నీ కలిపి కుట్టేస్తాయి. కుట్టేసింది జారదు. తోక రాదు. తెలియనివాళ్ళు చూస్తే కణం బాగానే ఉందనుకుంటారు! (మన పెద్దోళ్ళు తోకచుక్క కనిపిస్తే కీడంటారు, ఇక్కడ కనిపించకపోయినా అనుమానించాల్సిందే.) దీనికి ల్యాబులో ఒక ఉపాయం ఉంది. రోగి నుంచి తీసిన కణాలకు లెక్క ప్రకారం కొంచెం రేడియేషన్ ఇచ్చి, కావాలనే డీఎన్ఏని తెంపుతారు. మందు తగలని కణాలకు పొడుగు తోక వస్తుంది, కుట్లు పడ్డవాటికి పొట్టిది. ఆ తేడాయే మందు చేసిన పని.

ఇక అక్కల ప్రశ్న. హైదరాబాద్ ఐఐసీటీ శాస్త్రవేత్తలు ఇదే పరీక్షను క్యాన్సర్ వార్డు నర్సుల రక్తం మీద చేసి 2007లో ప్రచురించారు. ఈ మందులు ముట్టుకోని వాళ్ళకంటే నర్సుల కణాల్లో డీఎన్ఏ దెబ్బలు ఎక్కువగా కనిపించాయి. అంతమాత్రాన వాళ్ళకు క్యాన్సర్ వస్తుందని కాదు, కణం చాలా తెగుళ్ళను తనే అతికించుకుంటుంది. కానీ ఇంట్లోవాళ్ళ భయం ఉత్తది కాదు. డ్యూటీ వద్దనక్కర్లేదు గానీ, మందు కలిపే క్యాబినెట్ ఉందా, గ్లౌజులు, గౌను ఇస్తారా అని మొదటి రోజే అడగండి. ఒక్కరే అడగడానికి మొహమాటంగా ఉంటే బ్యాచంతా కలిసి వెళ్ళండి.