వేసవి సినిమా: మొదటి ఆట, రెండో వారం

బడులకు సెలవులు దగ్గర పడుతున్నాయి. ఏ శుక్రవారం ఏ సినిమా వస్తుందో పిల్లలు అప్పుడే లెక్కలు వేసుకుంటున్నారు. పెద్దవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? తెలుగు సినిమా ప్రీమియర్ టికెట్ల కోసం ఫోన్లు చేతిలో పట్టుకుని కూర్చుంటున్నారు. ఈ వేసవి సినిమా సరదా ఎక్కడ మొదలైంది, ఎలా మారుతూ వచ్చింది అన్నది ఈవేళ కాస్త ముచ్చటించుకుందాం.

ఒకప్పుడు అమెరికాలో సినిమా హాళ్ళకు ఎండాకాలం గడ్డుకాలం. కిక్కిరిసిన హాల్లో ఉక్కపోత భరించలేక జనం వచ్చేవారు కాదు. 1925లో మెమోరియల్ డే సెలవులకు న్యూయార్క్‌లోని రివోలీ థియేటర్లో విల్లిస్ క్యారియర్ తన చల్లదనం యంత్రాన్ని బిగించాడు. ప్రేక్షకులు విసనకర్రలు పట్టుకుని వచ్చి, హాలు చల్లబడుతున్న కొద్దీ వాటిని ఒక్కరొక్కరే పక్కన పెట్టేశారట. ఆ తర్వాత చల్లదనం కోసమే సినిమాకు వెళ్ళేవాళ్ళు తయారయ్యారు.

మన వైపు సంగతి మీకు తెలిసిందే. పరీక్షలు అయిపోతాయి, రబీ పంట ఇంటికి చేరుతుంది, పెళ్ళిళ్ళు మొదలవుతాయి, పిల్లలు అమ్మమ్మగారి ఊరికి చేరతారు. ఇంటినిండా చుట్టాలుంటే సినిమాకు వెళ్ళక ఏం చేస్తారు? రామారావుగారి ‘అడవి రాముడు’ 1977 ఏప్రిల్ 28న విడుదలై నెలల తరబడి ఆడింది. నెల తిరగకుండానే, మే 25న, ఇక్కడ ‘స్టార్ వార్స్’ వచ్చింది. రెండూ వేర్వేరు లోకాల సినిమాలు. కానీ రెండింటినీ నిలబెట్టిన వాళ్ళలో బడి సెలవుల పిల్లలూ ఉన్నారు, ఒకసారి చూసి మళ్ళీ వచ్చిన వాళ్ళూ ఉన్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ‘స్టార్ వార్స్’ మొదటి రోజు ఆడింది 32 థియేటర్లలోనే. దానికి రెండేళ్ళ ముందు, 1975 జూన్ 20న, ‘జాస్’ ఒక్క అమెరికాలోనే 409 థియేటర్లలో ఒకేసారి వచ్చింది. టీవీలో ప్రకటనలు హోరెత్తించి, మొదటి వారంలోనే జనాన్ని రప్పించడం అనే పద్ధతి దానితో బలపడింది. అంతకు ముందు చాలా పెద్ద సినిమాలు మహానగరాల్లో మొదలై, నెమ్మదిగా చిన్న ఊళ్ళకు చేరేవి. మన దగ్గరా అంతే. బెజవాడలో ఆడిన ప్రింటు పల్లె దగ్గరి టాకీసుకు వచ్చేదాకా ఓపికగా ఎదురుచూసేవాళ్ళం.

ఆ ఓపిక విలువ 1990లో తెలిసింది. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ మే 9న విడుదలైంది. సరిగ్గా ఆ రోజే పెద్ద తుఫాను కోస్తా తీరాన్ని దాటింది. మొదటి రోజుల్లో జనం ఇల్లు కదలలేని పరిస్థితి. అయినా వానలు తగ్గాక వచ్చి సినిమాను గెలిపించారు. మూడు రోజుల్లోనే తీర్పు చెప్పేసే కాలమైతే ఆ సినిమా ఏమయ్యేదో ఆలోచించండి.

ఇక అమెరికాలో మన కథ. డిజిటల్ రాకముందు రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగుల ఫిల్ము. ఆ డబ్బాలు ఊరి నుంచి ఊరికి తిరగాలి. ఎవరో పూనుకుని హాలు అద్దెకు తీసుకుంటే, వారాంతంలో ఒకటో రెండో ఆటలు. డిజిటల్ వచ్చాక ఆ బాధ తీరింది. 2017లో ‘బాహుబలి 2’ ఇక్కడ సుమారు 425 థియేటర్లలో విడుదలై, ఆ వారాంతం దేశంలో మూడో స్థానంలో నిలిచింది. తారీఖు చూడండి, ఏప్రిల్ 28! ‘అడవి రాముడు’ వచ్చి సరిగ్గా నలభై ఏళ్ళు. మొత్తం వసూలు రెండు కోట్ల డాలర్లు దాటితే, అందులో సుమారు సగం మొదటి వారాంతంలోనే వచ్చింది.

గర్వపడాల్సిన మాటే. కానీ దీనికి ఒక ఖరీదు ఉంది. ప్రీమియర్ టికెట్టు మామూలు ఆట కంటే ఎక్కువ. పైగా పనిరోజు రాత్రి, ఈలల మధ్య సగం మాటలు వినపడవు. అమ్మానాన్నలనూ చిన్నపిల్లలనూ ఇంట్లో వదిలి వెళతాం. తీరిగ్గా వాళ్ళను తీసుకెళదామనుకునే సరికి సినిమా ఎత్తేసి ఉంటారు.

రెండో రాక ఏం చేయగలదో ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ చూపించింది. 2022 మార్చి 25న మన జనం మధ్య విడుదలైంది. ఆ సందడి సద్దుమణిగాక, జూన్ 1న ఒక్క రాత్రి కోసం ఇక్కడ మళ్ళీ వేశారు. ఈసారి తెలుగు ముక్క రాని వాళ్ళు వచ్చారు, ఇంకొకరికి చెప్పారు. 2023 జనవరిలో హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్లో ప్రేక్షకులు తెర ముందుకెళ్ళి నాట్యం చేశారు. మార్చి 12న కీరవాణి, చంద్రబోస్‌గార్లు ఆస్కార్ అందుకున్నారు. మొదటి వారం వసూళ్ళు డబ్బు తెచ్చాయి. ఈ గౌరవానికి బాట వేసింది ఆ వేసవి.

మన పిల్లలకు ఇంట్లో తెలుగు అంటే చాలావరకు అన్నం తిను, పడుకో. ఒక తెలుగు హాస్యానికి రెండు వందల మంది ఒక్కసారిగా నవ్వడం వాళ్ళు ఈ దేశంలో ఇంకెక్కడ వింటారు? పక్కనే తాతగారు కూర్చుని, ఆ మాటకు అర్థం చెబితే ఇంకా బాగుంటుంది. అది ప్రీమియర్ రద్దీలో కుదరదు. ఏ సినిమాకు ఎన్ని ఆటలు ఉంచాలో థియేటర్ల వాళ్ళు అమ్ముడైన టికెట్లు చూసే తేల్చుకుంటారు. కాబట్టి మొదటి ఆటకు వెళ్ళేవాళ్ళు సంతోషంగా వెళ్ళండి. కానీ ఈ వేసవిలో కనీసం ఒక సినిమాకైనా రెండో వారం మ్యాట్నీకి ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళండి. సెలవు.