నోటుకి మూడేళ్ళు, మరి పిల్లల కేసుకి?

పొదుపులు, అప్పుల లెక్కలు వేరే పేజీల్లో ఉన్నాయి. మా సంఘానికి ఇచ్చిన పేజీల్లో మేము చట్టాల చరిత్ర కొంచెం రాస్తున్నాం. పదో తరగతి వరకు చదివినవాళ్ళం, మాకెందుకండీ చట్టాలు అనుకున్నాం గానీ, ఒక ప్రశ్న మమ్మల్ని వదల్లేదు.

ఒక నెల మీటింగులో ప్రామిసరీ నోట్ల మాట వచ్చింది. రాసిన తేదీ నుంచి మూడేళ్ళలోపు జమ పడకపోతే, కోర్టుకి వెళ్ళకపోతే, నోటుకి కాలదోషం పడుతుందని మనందరికీ తెలిసిందే. మీటింగు అయ్యాక ఒక అక్క ఆగిపోయింది. ఆవిడ పేరు, ఊరు రాయం. "చిన్నప్పుడు ఒకడు పాడు పని చేస్తే, దానికి కూడా మూడేళ్ళేనా?" అని అడిగింది. 2003లో, తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో, దగ్గర చుట్టం ఒకడు ఆవిడ మీద చేతులు వేసేవాడట. ఇంట్లో చెబితే "నోరు మూసుకో, రేపు పెళ్ళి కాదు" అన్నారట. ఇరవై ఏళ్ళు మూసుకునే ఉంది. మాకెవరికీ జవాబు తెలీదు. "అంతేనేమో అక్కా, గడువు అయిపోయిందేమో" అనేశాం. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. తర్వాత న్యాయ విజ్ఞాన సదస్సుకి వచ్చిన లాయరమ్మ గారిని పట్టుకుని అడిగాం, ఆవిడ ఇచ్చిన కాగితాలు చదివాం.

ముందు మన పక్కనున్న యానాం సంగతి చెప్పాలి. 1929లో శారదా చట్టం చేశారు, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండకుండా పెళ్ళి చేస్తే నేరం. చట్టం మంచిదే. కానీ పెళ్ళయిన ఏడాదిలోపు ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే కోర్టు తీసుకోవాలి. పైగా ఫిర్యాదు చేసినవాళ్ళే వంద రూపాయల వరకు పూచీ రాసివ్వాలి. ఆ రోజుల్లో వంద రూపాయలంటే మాటలా! పదేళ్ళ పెళ్ళికూతురు పదకొండో ఏట పూచీ రాసి కోర్టుకి వెళ్తుందా? ఆ మాత్రం చట్టానికి కూడా భయపడి, మనవాళ్ళు రామచంద్రపురం, ద్రాక్షారామం దాటి యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు చేశారు. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది కాబట్టి ఇంగ్లీషువాళ్ళ చట్టం అక్కడ చెల్లదు. అలాంటి పెళ్ళిళ్ళు ఎన్ని జరిగాయంటే యానానికి కల్యాణపురం అనే పేరు కూడా వచ్చింది. వినడానికి ఎంత అందంగా ఉందో చూడండి.

పెళ్ళిళ్ళ సంగతి అలా ఉంచితే, మామూలు నేరాలకి 1898 నాటి పాత కోడ్‌లో ఇలాంటి గడువే లేదు. గడువు పెట్టింది స్వతంత్రం వచ్చాకే. 1973లో కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చేసి 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చారు. అందులో 468 సెక్షన్ ప్రకారం, జరిమానాతో పోయే నేరమైతే ఆరు నెలలు, ఏడాది వరకు జైలు పడే నేరమైతే ఏడాది, మూడేళ్ళ వరకు పడే నేరమైతే మూడేళ్ళు గడువు. మూడేళ్ళకి మించి జైలు పడగలిగే నేరానికి గడువే లేదు. అంటే ఎన్నాళ్ళకి కేసు పెట్టొచ్చు అన్నది శిక్ష ఎంత అన్నదాని మీద ఉంటుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

రేప్‌కి శిక్ష పెద్దది, కాబట్టి దానికి గడువు ఎప్పుడూ లేదు. చిక్కంతా 354 సెక్షన్‌తోనే. చెయ్యి పట్టుకోవడం, ఒళ్ళు తడమడం, బట్టలు లాగడం దాని కిందకి వచ్చేవి. దానికి శిక్ష రెండేళ్ళకి మించదు, కాబట్టి మూడేళ్ళ గడువు. పన్నెండేళ్ళ పిల్లకి పదిహేనో ఏడు వచ్చేసరికి గడువు దాటిపోతుంది. ఆ వయసులో అదేమిటో పేరు పెట్టి చెప్పడమే రాదు.

ఇక్కడ మన రాష్ట్రం ఒక పని చేసింది. 1991లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 354ని మన రాష్ట్రం వరకు మార్చింది. అయిదేళ్ళకి తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు. గట్టి కారణం రాసి కోర్టు తగ్గించినా రెండేళ్ళకి తక్కువ కాకూడదు. గడువు తీసేస్తున్నాం అని అందులో ఎక్కడా లేదు. శిక్ష పెరిగింది, దాంతో గడువు దానంతట అదే పోయింది. మిగతా దేశంలో ఈ శిక్ష అయిదేళ్ళకి పెరగడానికి 2013 దాకా పట్టింది. హర్యానాలో 1990లో ఒక పెద్ద పోలీసు అధికారి 14 ఏళ్ళ పాప మీద చెయ్యి వేశాడు. పాప 1993లో చనిపోయింది. ఎఫ్ఐఆర్ కట్టింది 1999లో. 2009లో కింది కోర్టు వేసిన శిక్ష ఆరు నెలలు, వెయ్యి రూపాయల జరిమానా. అదే సెక్షన్, వేరే రాష్ట్రం.

గడువు లేనంత మాత్రాన కేసు నిలుస్తుందా అని మీరు అడగొచ్చు. మేమూ అడిగాం. "ఇన్నాళ్ళు ఏం చేశావమ్మా?" అని అవతలి లాయరు తప్పకుండా అడుగుతాడు. పంజాబ్‌లో 1984లో పదో తరగతి పరీక్షలు రాస్తున్న పిల్లని ఎత్తుకుపోయి పాడుచేశారు. తండ్రి ముందు పంచాయతీకి వెళ్ళాడు, అక్కడ రాజీ మాటలే తప్ప న్యాయం దొరకలేదు, ఆ తర్వాతే పోలీసుల దగ్గరకి వెళ్ళారు. కింది కోర్టు ఆలస్యాన్ని తప్పుపట్టి నిందితుల్ని వదిలేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి శిక్ష వేసింది. పరువు గురించి ఆలోచించి కుటుంబాలు వెనకాడతాయి, అంత మాత్రాన అబద్ధం అనకూడదు అని చెప్పింది. పెద్దమనుషుల దగ్గర ఎన్ని వారాలు పోతాయో మన ఊళ్ళలో చూస్తూనే ఉన్నాం కదా. అయినా సాక్ష్యం అవసరం పోదు. ఆనాడు ఎవరితో చెప్పుకున్నారో వాళ్ళ మాట, పాత ఉత్తరం, ఏదున్నా పనికొస్తుంది.

2012 నవంబరు 14న, బాలల దినోత్సవం రోజున, పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. 18 నిండని ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఒకటే చట్టం. చెడు ఉద్దేశంతో ఒంటి మీద చెయ్యి వేస్తే మూడు నుంచి అయిదేళ్ళు, కాబట్టి దానికీ గడువు లేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పి తీరాలి, దాచిపెడితే ఆరు నెలల వరకు జైలు. అందుకని ఇలాంటివి సంఘంలో కూర్చుని రాజీ చెయ్యకూడదండీ, 1098కి గానీ పోలీసులకి గానీ చెప్పాలి. అయితే ఈ చట్టం ఆ తేదీ తర్వాత జరిగిన వాటికే. అంతకు ముందువి పాత సెక్షన్ల కిందే నడుస్తాయి.

మన దేశంలో పుట్టి కెనడాలో ఉంటున్న ఒక మహిళా శాస్త్రవేత్త, చిన్నప్పుడు తనకి జరిగిన దాని మీద పెద్దయ్యాక ఫిర్యాదు చెయ్యబోతే దారి దొరకలేదు. అప్పటి కేంద్ర మంత్రి మేనకా గాంధీకి మొరపెట్టుకున్నారు. ఆవిడ న్యాయ శాఖని అడిగితే, పోక్సో కింద చెప్పుకోవడానికి గడువేమీ లేదని 2018 అక్టోబరులో జవాబు వచ్చింది. కానీ లాయరమ్మ గారు ఒక జాగ్రత్త చెప్పారు. ఒంటి మీద చెయ్యి పడకుండా బూతు బొమ్మలు చూపించడం, వెంటపడటం లాంటి వాటికి శిక్ష మూడేళ్ళ వరకే, కాబట్టి మూడేళ్ళ గడువు అడ్డం రావచ్చు. ఆలస్యానికి సరైన కారణం ఉంటే మన్నించే అధికారం కోర్టుకి ఉంది గానీ, అంతదాకా తెచ్చుకోవద్దన్నారు. 2024 జూలై 1 నుంచి కోడ్ పేరు మారినా ఈ లెక్క మారలేదు.

అక్కకి ఇదంతా చెప్పాం. 2003, మన రాష్ట్రం, 1991 మార్పు అమల్లో ఉన్న కాలం. కాలదోషం పట్టలేదు. "అంటే ఇంకా ఉందా?" అని రెండుసార్లు అడిగింది. కేసు పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఆ మనిషి ఇప్పటికీ పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వస్తున్నాడు. ఆవిడ కూతురు ఈ ఏడు తొమ్మిదో తరగతి. స్టేషనుకి వెళ్ళాల్సి వస్తే తోడుగా ఇద్దరం వెళ్ళాలని అనుకున్నాం. మినిట్స్ పుస్తకంలో మాత్రం రాయలేదు.