మూడు రాష్ట్రాల కాజువాలిటీ

భద్రాచలం అనగానే బయటివాళ్లకు రామయ్య కల్యాణం, ముత్యాల తలంబ్రాలు గుర్తొస్తాయి. శబరి నది అవతలి గూడేలవాళ్లకు ఇది ముందు ఆసుపత్రి ఉన్న ఊరు, ఆ తర్వాతే గుడి ఉన్న ఊరు. ఎటపాక, కూనవరం, చింతూరు, ఇటు దుమ్ముగూడెం, చర్ల, ఆపైన ఛత్తీస్‌గఢ్‌లోని కుంట దాకా, పాము కరిచినా, కాన్పు కష్టమైనా, జ్వరం నెత్తికెక్కినా జనం కదిలేది మా ఏరియా ఆసుపత్రికే. మా ఊరి చరిత్ర రాసినవాళ్లందరూ గుడితో మొదలుపెట్టారు కాబట్టి, నేను ఆసుపత్రితో మొదలుపెడతాను.

సరిహద్దులు మారడం మాకు కొత్త కాదు. 1860లో ఈ ప్రాంతం నిజాం చేతుల్లోంచి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేరింది. 1959లో తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు పేరున చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోగా, మా మండలంలో భద్రాచలం రెవెన్యూ గ్రామం ఒక్కటే తెలంగాణకు మిగిలింది. గుడి ఇక్కడ, గుడి మాన్యం పురుషోత్తపట్నంలో. దుమ్ముగూడెం బస్సు ఎటపాక దగ్గర ఆంధ్రలో దిగి మళ్లీ తెలంగాణలో తేలుతుంది. ఊళ్లో పోగయ్యే చెత్త పోయడానికైనా జాగా లేదు. అవతలి మండలాల్లో కొన్నింటిని 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో వేశారు. మ్యాపు ముందేసుకుని ఎటపాక నుంచి పాడేరుకు ఒకసారి వేలు జరిపి చూడండి. నొప్పులొచ్చిన మనిషిని ఎక్కించుకున్న ఆటోవాడు అటు తిప్పుతాడా?

1965లో గోదావరి మీద వంతెన కట్టేదాకా అటు బూర్గంపాడు వైపు వెళ్లాలంటే పడవే దిక్కు. వానాకాలంలో ఏరు పోటెత్తితే ఆ పడవా లేదు. వంతెన వచ్చాక పెద్దాసుపత్రికి దారి దొరికింది. ఆ దారి పొడవు మాత్రం తగ్గలేదు. ఖమ్మం దాదాపు 120 కిలోమీటర్లు, వరంగల్ ఎంజీఎం ఇంకా దూరం. అందుకే మా డ్యూటీ డాక్టరుకు ‘రిఫర్’ అని రాసేముందు చెయ్యి ఆగుతుంది. ఈ మనిషి దారిలో బతుకుతాడా అన్న లెక్క తేలాకే కలం కదులుతుంది.

ఆ లెక్క అన్నిటికన్నా కఠినంగా ఉండేది పాముకాటులో. తొలకరి పడిందంటే కేసులు మొదలు. రక్తపింజర కరిస్తే కాలు వాస్తుంది, చిగుళ్ల నుంచి, ఇంజక్షన్ గుచ్చిన చోటు నుంచి నెత్తురు కారుతుంది. పరీక్షకు పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత వంచి చూస్తే ఇంకా నీళ్లలా పారుతుంటే విషం ఎక్కినట్టే. ఆ ఇరవై నిమిషాలూ స్టాఫ్ నర్సు ఒక కన్ను గోడ గడియారం మీద, ఒక కన్ను మంచం మీద పెట్టి పని చేస్తుంది. విరుగుడు మందు ఎక్కించేటప్పుడు అదే మందు పడక మనిషి కుప్పకూలొచ్చు. అందుకని ఎడ్రినలిన్ సిరంజిలో నింపి పక్కనే ఉంచుకుంటారు.

కట్లపాముది మరో దారి. రాత్రి నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పుండదు, వాపుండదు, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దకావడం. గాలి సోకిందనుకుని ముందు గూడెంలో వైద్యం చేసే వడ్డె దగ్గరికి తీసుకెళతారు. నేను వడ్డెను తప్పుపట్టను, గూడేనికి అందుబాటులో ఉన్నది ఆయనే. కానీ అక్కడ గడిచిన ప్రతి గంటకూ ఊపిరి తీసే కండరాల్లోంచి సత్తువ పోతుంది. ఒకసారి అవి చచ్చుబడ్డాక విరుగుడు మందు ఎంత పోసినా వెంటనే తిరిగి లేవవు. అవి కోలుకునేదాకా మనిషి తరఫున ఇంకెవరో ఊపిరి పీల్చాలి. వెంటిలేటరు దొరక్కపోతే చేత్తో నొక్కి గాలి పంపే అంబు బ్యాగే. వార్డు బాయ్ నొక్కుతాడు, అతని చేతులు పడిపోతే కాటు పడ్డవాడి బావమరిది నొక్కుతాడు. “ఆపొద్దురా తమ్ముడూ, నేను చెప్పేదాకా ఆపొద్దు” అని సిస్టరు పక్కనే నిలబడి లెక్కపెడుతుంటుంది. కోయ తప్ప మరో మాట రానివాళ్లకు ఆ నొక్కుడు చేతులతోనే నేర్పాలి. ఇలా పడుకోబెట్టిన మనిషి రెండు రోజుల తర్వాత లేచి గంజి అడగడం కూడా మా ఊళ్లో జరిగేదే. రెప్పలు ఎత్తలేకపోయినా అతనికి ఆ రెండు రోజులూ మన మాటలు వినపడుతుంటాయి. ఈ సంగతి తెలిసిన నర్సులు మంచం దగ్గర చావు మాట ఎత్తనివ్వరు.

కాన్పుల సంగతి కొంతవరకు మెరుగైంది. 108 వచ్చింది, ఆశా కార్యకర్తలు వచ్చారు. బండి వెళ్లలేని గూడేలనుంచి గర్భిణులను ఇప్పటికీ డోలీలాంటి జెట్టి కట్టి, వాగులు దాటించి మోసుకొస్తారు. అప్పటికే రక్తం తక్కువున్న తల్లికి కాన్పయ్యాక నెత్తురు ఆగకపోతే మిగిలేది నిమిషాలే. ఆ వేళ ఊళ్లోని ఆటోడ్రైవర్లు, కాలేజీ పిల్లలు రక్తం ఇవ్వడానికి పరిగెత్తుతారు. మా ఊరి కుర్రాళ్లను నేను ఎన్ని విషయాల్లో తిట్టినా ఈ ఒక్క విషయంలో తిట్టను.

ఇక గోదావరి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులై 16న 71.3. ఆ జులైలో వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అలాంటి రోజుల్లో రిఫర్ చేసే దారే ఉండదు, ఎంత కష్టమైన కేసైనా ఉన్న డాక్టర్లే చూసుకోవాలి. అందుకే వరద కబురు రాగానే నెలలు నిండిన గర్భిణులను ముందే గూడేలనుంచి తెచ్చి ఆసుపత్రుల్లో ఉంచడం మొదలైంది. ఇళ్లు మునిగిన సిబ్బంది కూడా డ్యూటీకి వస్తారు. ఆ సంగతి పేపర్లో రాదు.

ఆంధ్రలో కలిసిన అయిదు గ్రామ పంచాయతీలను తిరిగి ఇవ్వమని ఇక్కడ ఎప్పట్నుంచో అడుగుతున్నాం. ఇస్తే మంచిదే. అంతవరకూ నేను అడిగేది ఇంకోటి. ఈ ఆసుపత్రికి పడకలూ డాక్టర్లూ నర్సులూ విరుగుడు మందూ ఎన్ని కావాలో తేల్చేటప్పుడు పట్టణ జనాభా చూసి సరిపెట్టకూడదు. శబరి అవతలివాళ్లనూ, కుంటవాళ్లనూ కలిపి లెక్కించాలి. ఆ ఖర్చులో మూడు ప్రభుత్వాలూ తలా కొంత పంచుకోవాలి. ఏడాది ఓపీ రిజిస్టర్లు తీసి ఊళ్ల పేర్లు రాష్ట్రాలవారీగా విడదీస్తే ఎవరి వాటా ఎంతో తేలిపోతుంది. ఇద్దరు గుమస్తాలు కూర్చుంటే అయ్యే పని, తొలకరికి ముందే అయితే మేలు.