అమ్ముడుపోని వాల్వు

శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు మీద మాది లారీ స్పేర్ పార్టుల దుకాణం. నాన్న పెట్టింది, తర్వాత నేను కూర్చున్నాను. పాత బిల్లు బుక్కులు తిరగేస్తే ఒక లెక్క పొసగదు. థర్మోస్టాట్ మూత కింద వేసే గాస్కెట్లు పేజీ పేజీకీ కనిపిస్తాయి. థర్మోస్టాట్ మాత్రం ఎప్పుడో ఒకటి. మూత విప్పినవాళ్ళంతా గాస్కెట్ కొన్నారు, లోపలి సామాను కొనలేదు. కొత్తది పెట్టడానికి కాదు, ఉన్నది తీసి పారేయడానికే విప్పారు మరి. ఆ థర్మోస్టాట్ వాల్వు పీకేయడం అప్పట్లో ఈ రోడ్డు ఆచారం. మిస్త్రీల మూర్ఖత్వం అని ఇప్పటి సర్వీసు సెంటర్ కుర్రాళ్ళు నవ్వుతారు. నేనంత తేలిగ్గా అనను.

ముందు రోడ్డు సంగతి. ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి అప్పట్లో 7వ నంబరు. కర్నూలు సముద్ర మట్టానికి దాదాపు 270 మీటర్ల ఎత్తు. మా ఊరి విమానాశ్రయం 617 మీటర్లు. కంటికి ఘాట్ రోడ్డంటూ ఏదీ కనిపించదు గానీ, నాపరాళ్ళో ఉల్లిగడ్డో నిండా వేసుకుని బీచుపల్లి దగ్గర కృష్ణ దాటిన లారీ మొత్తం మీద ఎక్కుతూనే వస్తుంది. ఎత్తుకు పోయేకొద్దీ నీళ్ళు తొందరగా మరుగుతాయి. ఇక్కడ 98 డిగ్రీలు చాలు. రేడియేటర్ మూత బిగువుగా ఉంటే లోపలి ఒత్తిడి ఆ మరుగును ఆపుతుంది. కానీ రబ్బరు అరిగిన మూతకు గుడ్డపేలిక చుట్టి నడిపే రోజులవి. మే నెల మధ్యాహ్నం పాలమాకుల దాటేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిర్లు.

బండ్లేమో చలిదేశాల నమూనాలు. 1932లో నిజాం రైల్వే బస్సులు మొదలుపెట్టినప్పుడు వచ్చినవి స్కాట్లాండ్ ఆల్బియన్లు. 1954లో టెల్కో వాళ్ళు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు కట్టసాగారు. ఆ పొత్తు 1969 దాకా సాగింది. మద్రాసు పక్క ఎన్నూరు నుంచి అశోక్ లేలాండ్ కామెట్లు వచ్చాయి, వాటి మూలం ఇంగ్లండు. నాన్న కాలం ఉస్తాదుల వాదన ఇక్కడే పుట్టింది: "ఆ వాల్వు మంచు గురిసే దేశపోళ్ళకు. మన ఇంజన్‌ను ఎండనే గరం జేస్తది, మళ్ళ ఇదెందుకు సేటూ?"

వాల్వంటే అరచేతిలో పట్టే ఇత్తడి సామాను, దాని పొట్టలో మైనం. ఈ మైనం ఉపాయం 1930ల్లో అమెరికాలో సెర్జియస్ వెర్నే కనిపెట్టింది. అంతకుముందు తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం పోసిన ఇత్తడి తిత్తులు వాడేవారు. నీళ్ళు 82 డిగ్రీలో, బండిని బట్టి ఇంకో అంకెలో (అంచు మీద కొట్టి ఉంటుంది) అందుకోగానే మైనం కరిగి ఉబ్బి, కడ్డీని నెట్టి దారి తెరుస్తుంది. అప్పటిదాకా నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా బైపాస్ దారిన ఇంజన్‌లోనే తిరుగుతాయి.

ఇక్కడ రేడియేటర్లలో పోసింది బోరు నీళ్ళు. ఆ నీళ్ళలోని సున్నం, తుప్పు కలిసి వాల్వుకు పట్టేవి, అది మూసుకున్నది మూసుకున్నట్టే బిగుసుకునేది. అలా బిగుసుకుంటే గంటలో హెడ్ గాస్కెట్ పోతుంది, హెడ్డే పగులుతుంది. రాత్రి పూట, సరైన నంబరు వాల్వు దొరకని చోట, లోడు మీద ఉన్న బండికి మిస్త్రీ ఏం చేయాలి? పీకేసి, మూత బిగించి పంపడమే. వాల్వు లేకుంటే ఇంజన్ మెల్లగా చెడుతుంది, బిగుసుకుంటే ఇప్పుడే చస్తుంది. ఆ పూటకు ఆ బేరం సరైనదే. బండి హైదరాబాద్ చేరాక కొత్తది వేయించకపోవడం దగ్గరే అసలు తంటా. బండి నడుస్తోంది కదా, ఇంకెవరు విప్పుతారు?

రోగం కనిపెట్టడంలో మాత్రం ఆ మిస్త్రీల చెయ్యి గొప్పది. చల్లటి బండి స్టార్ట్ చేయించి పై హోస్ మీద చెయ్యి వేసేవాళ్ళు. కాసేపు చల్లగా ఉండి, తర్వాత ఉన్నట్టుండి వేడెక్కితే వాల్వు మంచిది. మొదటి నుంచీ కొంచెం కొంచెం వేడెక్కుతూ వస్తే వాల్వు తెరుచుకునే ఉండిపోయింది, లేదా అసలు లేదు. ముల్లు ఎర్రగీత చేరుతున్నా హోస్ చల్లగానే ఉంటే బిగుసుకున్నట్టు. అప్పుడు బెల్టు, నీటి పంపు, రేడియేటర్ కూడా చూసుకున్నాకే మూత విప్పాలి. అనుమానం తీరకపోతే వాల్వును దారంతో గిన్నెలో వేలాడదీసి, అడుగు తగలకుండా నీళ్ళు కాస్తూ, పక్కన థర్మామీటర్ పెట్టి ఎక్కడ తెరుచుకుంటుందో చూస్తారు. మా దుకాణం పక్క టీ కొట్టు స్టవ్వు మీద ఎన్ని వాల్వులు ఉడికాయో! టీ రుచి గురించి అడగొద్దు.

పీకేసినదాని ఖర్చు మా బిల్లు బుక్కుల్లోనే ఇంకో వరుసలో ఉంది: లైనర్లు, పిస్టన్లు, రింగులు. 1990ల తొలి దాకా మన డీజిల్‌లో నూటికి ఒక వంతు వరకు సల్ఫర్ ఉండేది. ఇంజన్ చల్లగా నడిస్తే లైనర్ గోడ మీద చెమ్మ చేరి, సల్ఫర్ పొగతో కలిసి ఆమ్లమై లోహాన్ని తినేస్తుంది. పొద్దున తెల్లపొగ, చెడిపోయే ఆయిల్, తగ్గే మైలేజీ, చివరకు "ఇంజన్ బోరుకొచ్చింది" అన్న మాట. ఇంకో విడ్డూరం: కొన్ని ఇంజన్లలో వాల్వు తెరుచుకుంటూ బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే కొన్ని నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా వెనక్కే తిరుగుతాయి, లోడు మీద బండి ఇంకా వేడెక్కుతుంది. చలవ కోసం చేసిన పనికి దక్కింది అది! లైనర్లు అమ్మి మా నాన్న ఇల్లు కట్టాడని నేనంటే మా అమ్మకు కోపం.

2008 మార్చిలో విమానాశ్రయం తెరిచారు. అదే ఏడు గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ముక్క వచ్చింది, మరుసటి ఏడు ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే. రోడ్డు పక్క షెడ్ల స్థలాలకు హోటళ్ళ ధరలు పలికాయి. మిస్త్రీలు కొందరు కాటేదాన్ వైపు పోయారు, కొందరు పని మానేశారు. కానీ ఆచారాన్ని చంపింది విమానాశ్రయం కాదు, కంప్యూటర్. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-4 పొగ నిబంధనలు, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6. వాటికి తగ్గ ఇంజన్‌లో కంప్యూటర్ నీళ్ళ వేడిని సెన్సార్‌తో చూసుకుని డీజిల్ కొలుస్తుంది. వాల్వు పీకితే డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, ఓనర్ ఫోన్ చేస్తాడు.

పాత బండ్లు పూర్తిగా పోలేదు. చాలా మటుకు ట్యాంకర్లయి, కొత్త వెంచర్లకూ ఫంక్షన్ హాళ్ళకూ నీళ్ళు మోస్తున్నాయి. వాటికి ఇప్పుడు థర్మోస్టాట్ అమ్ముతున్నాను. ఇంజన్ చల్లారాకే విప్పమని చెబుతాను. స్ప్రింగు ఉన్న వైపు ఇంజన్‌లోకి, గాలి పోయే చిన్న రంధ్రం పైకి రావాలి, పాత గాస్కెట్ ముక్క మిగలకుండా గీకాలి, నింపాక గాలి బుడగలు పోయేదాకా బండి ఆడించాలి. బోరు నీళ్ళు వద్దు, కూలెంట్ పోయమంటాను. ట్యాంకర్ డ్రైవర్ డబ్బా ధర అడుగుతాడు. తర్వాత వెనక్కి తిరిగి, వేల లీటర్ల బోరు నీళ్ళు నిండిన తన బండిని చూసి, "నన్ను పైసల్ బెట్టి నీళ్ళు కొనమంటవా సేటూ?" అంటాడు.