ఒక పిడి, ఒక స్పాంజి, నూట అరవై ఏళ్ళ చరిత్ర



పోయిన సమావేశంలో వైద్య సహాయ నిధి లెక్కలు చూస్తున్నప్పుడు ఒక బిల్లు దగ్గర మాట పెరిగింది. మీలో చాలామంది అక్కడే ఉన్నారు. మన సభ్యుడొకరి ఇంట్లో హెర్నియా ఆపరేషన్ జరిగింది. బిల్లులో మందులు, గ్లౌజులు, కుట్ల దారం అన్నీ సరే. మధ్యలో ఒక వరుస ఉంది: స్కిన్ ప్రెప్ అప్లికేటర్, 26 మి.లీ., ఒకటి. అదేమిటని అడిగితే, కోత పెట్టేముందు చర్మానికి మందు రాసే స్పాంజి పిడి అనీ, ఒక్కసారి వాడి పారేస్తారనీ చెప్పారు.

నలభై ఏళ్ళు బ్యాండేజీ గుడ్డ వ్యాపారం చేసిన పెద్దాయన ఒకరికి కోపం వచ్చింది. "పిడికి స్పాంజి అంటించి ఇంత ధర వేస్తారా? దీనికి నిధి డబ్బు ఇవ్వాలా? మన గాజ్ గుడ్డను బీటాడిన్‌లో ముంచి రాస్తే సరిపోదా?" అన్నారు. ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా పనిచేసే మన అమ్మాయి మెల్లగా అంది: "తాతా, గుడ్డది తప్పు కాదు. ఆ సీసా సంగతి మీకు తెలియదు."

ఆ రోజు ఎటూ తేలలేదు. బిల్లు పక్కన పెట్టాం. చదివి రాస్తామని మాట ఇచ్చాం. ఇది ఆ మాట చెల్లింపు. కొంచెం పొడుగు ఉంటుంది, ఓపికగా చదవండి.

ముందు గుడ్డ సంగతి. రాజపాళయం చుట్టుపక్కల ఉన్న మనకు దీని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. చత్రపట్టి, సముసిగాపురం వైపు వెళ్తే వీధి పొడవునా మగ్గాల చప్పుడే. అక్కడ నేసే పలచటి గుడ్డే తెల్లబరచి, కత్తిరించి, మడతలు పెట్టి ఆస్పత్రులకు పోతుంది. దేశం దాటి కూడా పోతుంది. ఆ గుడ్డతో మన ఊరివాళ్ళకు, అన్ని కులాలవాళ్ళకూ, అన్నం దొరికింది. కాబట్టి పెద్దాయన కోపంలో అర్థం ఉంది. గుడ్డ స్థానంలో స్పాంజి వస్తే ఆ నష్టం ముందు తెలిసేది మన మగ్గానికే.

అసలు యాంటీసెప్టిక్ కథ మొదలైందే గుడ్డతో. 1865 ఆగస్టు 12న గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీకి జేమ్స్ గ్రీన్‌లీస్ అనే పదకొండేళ్ళ పిల్లవాణ్ణి తెచ్చారు. బండి చక్రం కాలి మీదుగా పోయి ఎముక విరిగింది, చర్మం చీలింది. ఆ రోజుల్లో అలాంటి గాయం చీము పట్టడం మామూలు. కాలు తీసేయాల్సి రావడం, ప్రాణమే పోవడం కూడా మామూలే. జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ కార్బాలిక్ యాసిడ్‌లో తడిపిన గుడ్డ గాయం మీద వేసి కట్టాడు. ఆరు వారాలకు పిల్లవాడు కోలుకున్నాడు. పులియడం, కుళ్ళడం కంటికి కనపడని జీవుల పని అని ఫ్రాన్సులో పాశ్చర్ చెప్పిన మాట చదివి లిస్టర్ చేసిన పని అది. 1867లో తన అనుభవాలను లాన్సెట్ పత్రికలో అచ్చు వేయించాడు.

లిస్టర్ చూసింది ముఖ్యంగా గాయాన్ని. చర్మం మీద ఏ గాయమూ లేనప్పుడు, మనమే కోత పెట్టబోయేటప్పుడు ఏం చేయాలి? మన చర్మం మీద ఎప్పుడూ సూక్ష్మజీవులు ఉంటాయి. పైన ఉన్నంతసేపు హాని లేదు. కత్తి వాటికి లోపలికి దారి చూపిస్తుంది. ఆపరేషన్ తర్వాత వచ్చే చీములో చాలా భాగం బయటినుంచి వచ్చింది కాదు, రోగి ఒంటి మీదనుంచే వచ్చింది.

దీనికి సులువైన దారి చూపిన మనిషి ఆంటోనియో గ్రోసిచ్. ఫియూమే అనే ఊళ్ళో సర్జన్. ఆ ఊరు ఇప్పుడు క్రొయేషియాలో ఉంది, పేరు రియేకా. అప్పటిదాకా ఆపరేషన్‌కు ముందు సబ్బూ నీళ్ళూ పెట్టి చాలాసేపు రుద్దేవారు. గ్రోసిచ్ 1908లో పొడి చర్మం మీద టింక్చర్ అయోడిన్ నేరుగా పూస్తే చాలని చెప్పాడు. టింక్చర్ అంటే సారాయిలో కలిపిన అయోడిన్. యుద్ధరంగంలో, పల్లెటూరి ఆస్పత్రిలో, నీళ్ళు దొరకని చోట కూడా చేయగలిగిన పని కాబట్టి త్వరగా పాకింది. మన ఇళ్ళలో దెబ్బ తగిలితే పిల్లలు ఏడ్చేట్టు రాసిన ఆ మంట మందు ఇదే.

మంట తగ్గించే ప్రయత్నాలు తర్వాత వచ్చాయి. 1950ల మొదట్లో ఇంగ్లండ్‌లో ఐసీఐ కంపెనీ క్లోర్‌హెక్సిడిన్ తయారు చేసింది. 1955లో అమెరికాలో షెలాన్‌స్కీలు అయోడిన్‌ను పోవిడోన్ అనే పదార్థంతో జతచేశారు. మంట తగ్గింది, నెమ్మదిగా అయోడిన్ విడుదలవుతూ పనిచేసింది. మనం బీటాడిన్ అని పిలిచేది దాన్నే.

మందులు మారాయి గాని రాసే పద్ధతి మారలేదు. పెద్ద సీసాలోంచి మందు కిడ్నీ ట్రేలో పోయడం, మడిచిన గాజ్ గుడ్డను స్పాంజ్ హోల్డర్‌తో పట్టుకుని ముంచడం, కోత పెట్టే చోటినుంచి బయటికి రాయడం. దేశంలో వేల ఆస్పత్రుల్లో ఈనాటికీ ఇదే పద్ధతి.

ఇప్పుడు సీసా సంగతికి వద్దాం. సూక్ష్మజీవుల్ని చంపే మందులో సూక్ష్మజీవులు బతుకుతాయా? మేమూ నమ్మలేదు. కాని బతుకుతాయి. 1980, 81 ప్రాంతంలో అమెరికాలో కొందరు రోగుల రక్త పరీక్షల్లో ఒక బాక్టీరియా కనిపించింది. రోగులకేమో ఆ జబ్బు లక్షణాలు లేవు. వెతుక్కుంటూ పోతే అది సూది గుచ్చేముందు చర్మానికి రాసిన పోవిడోన్ అయోడిన్‌లో ఉంది. తయారైన చోటే చేరి, మూత తీయని సీసాలోనే బతికింది. అప్పుడు సూడోమోనాస్ సెపేషియా అన్నారు, ఇప్పుడు దాని పేరు బర్ఖోల్డేరియా. 2011 జనవరిలో అక్కడే ఆల్కహాల్ తడి పట్టీలు బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉండవచ్చని పెద్ద ఎత్తున వెనక్కి తీసుకున్నారు. 2013 నవంబరులో అక్కడి ఎఫ్‌డీఏ కంపెనీలకు ఒక మాట చెప్పింది: చర్మానికి రాసే యాంటీసెప్టిక్‌లను ఒకసారి వాడి పారేసే పొట్లాల్లోనే అమ్మండి అని. పెద్ద సీసా తెరిచిన ప్రతిసారీ, పలచన చేసిన ప్రతిసారీ కొత్త జీవి చేరే అవకాశం ఉంటుంది కాబట్టి.

మన అమ్మాయి చెప్పింది కూడా ఇదే. తను మొదట ఉద్యోగం చేసిన ఒక ఆస్పత్రిలో సీసా అయిపోవస్తుంటే కడగకుండా దాని మీదే కొత్త మందు పోసేవారట. అడుగున ఉన్నది ఎన్నాళ్ళదో ఎవరికీ తెలియదు. "గుడ్డను ఆవిరిలో శుద్ధి చేస్తాం తాతా, సీసాను ఎవరు శుద్ధి చేస్తారు?" అని అడిగింది. పెద్దాయన దగ్గర దానికి జవాబు లేదు. మా దగ్గరా లేదు.

ఈ పిడి ఆ సీసాకు జవాబుగా వచ్చింది. ప్లాస్టిక్ పిడి లోపల సన్నటి గాజు గొట్టంలో మందు ఉంటుంది. పిడిని నొక్కితే గొట్టం లోపలే పగులుతుంది, మందు దిగి చివర ఉన్న స్పాంజిని తడుపుతుంది. ట్రే లేదు, సీసా లేదు, రాసే చెయ్యి చర్మానికి తగలదు. వీటిలో బాగా తెలిసిన క్లోరాప్రెప్‌కు అమెరికాలో 2000లో అనుమతి వచ్చింది. అందులో ఉన్నది 2 శాతం క్లోర్‌హెక్సిడిన్, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం దీనికి పేరు తెచ్చింది. 849 మంది రోగుల్లో ఈ మందు రాసినవాళ్ళలో 9.5 శాతానికి, పోవిడోన్ అయోడిన్ రాసినవాళ్ళలో 16.1 శాతానికి కోత దగ్గర ఇన్‌ఫెక్షన్ వచ్చింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌నే సిఫారసు చేసింది.

ఇక్కడితో ఆపితే పెద్దాయన ఓడిపోయినట్టే. కాని చరిత్ర ఇక్కడ ఆగలేదు.

ఆ అధ్యయనంలో ఒకవైపు ఆల్కహాల్ ఉంది, రెండోవైపు నీటి అయోడిన్ ఉంది. గెలిపించింది క్లోర్‌హెక్సిడినా, ఆల్కహాలా అని డాక్టర్లే అడిగారు. 2014లో ఆ పిడిని అమ్మిన కేర్‌ఫ్యూజన్ కంపెనీ అమెరికా ప్రభుత్వానికి 4 కోట్ల డాలర్లు కట్టి ఒక వ్యవహారం పరిష్కరించుకుంది. అనుమతి లేని వాడకాలకు ప్రచారం చేసిందనీ, ప్రమాణాలు నిర్ణయించే కమిటీలో ఉన్న ఒక వైద్యుడికి డబ్బు ఇచ్చిందనీ ఆరోపణ. కోర్టులో రుజువైన సంగతి కాదు, రాజీ. అయినా మంచి వస్తువు వెనక కూడా వ్యాపారం ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి.

మనకు దగ్గరి సాక్ష్యం 2021లో లాన్సెట్‌లో వచ్చింది. ఫాల్కన్ అనే ఆ అధ్యయనం ఇండియాతో కలిపి ఏడు దేశాల్లో, మనలాంటి ఆస్పత్రుల్లో, 5,788 మంది పొట్ట ఆపరేషన్ల మీద జరిగింది. ఆల్కహాల్ క్లోర్‌హెక్సిడిన్‌కూ, నీటిలో కలిపిన మామూలు పోవిడోన్ అయోడిన్‌కూ తేడా కనిపించలేదు. 2024లో అమెరికా, కెనడాల్లో ఎముక విరిగినవాళ్ళ మీద జరిగిన మరో పెద్ద అధ్యయనంలో, చర్మం చీలని విరుగుళ్ళకు, ఆల్కహాల్ కలిసిన అయోడినే కొంచెం మెరుగనిపించింది: ఇన్‌ఫెక్షన్ 2.4 శాతం, క్లోర్‌హెక్సిడిన్‌తో 3.3 శాతం.

ఇంకొక్క సంగతి. 2020లో క్లోరాప్రెప్ 3 మి.లీ. రకాన్ని, వేడీ తేమా ఎక్కువ ఉన్న ప్రాంతాలకు పంపినవాటిని, బూజు చేరే అవకాశం ఉందని కంపెనీ వెనక్కి తీసుకుంది. అంటే విడి పొట్లం కూడా మంత్రం కాదు. మన ఎండకీ వానకీ అది ఎక్కడ, ఎలా నిల్వ ఉందన్నది ముఖ్యం.

ఇంత చదివాక మాకు అర్థమైంది ఇది. నూట అరవై ఏళ్ళుగా మనుషులు మందు పేరు గురించి వాదించుకున్నారు. కాని చాలాసార్లు రోగిని కాపాడిందీ, ముంచిందీ మందు ఒక్కటే కాదు, దాన్ని ఉంచిన పాత్ర, రాసిన చెయ్యి, ఆగిన నిమిషాలు కూడా. పెద్దాయన గుడ్డ గురించి చెప్పింది నిజం. అమ్మాయి సీసా గురించి చెప్పిందీ నిజం. ఇద్దరూ పోట్లాడింది వేర్వేరు వస్తువుల గురించి.

అందుకని కమిటీ తరఫున మా ప్రతిపాదన. ఆ బిల్లులో ఆ వరుసను నిధి చెల్లించాలి. మత్తులో పడుకున్న రోగి ఎంచుకున్న వస్తువు కాదు అది, దానికి అతని ఇంటివాళ్ళను శిక్షించడం న్యాయం కాదు. అలాగని పిడి వాడలేదని ఏ చిన్న ఆస్పత్రినీ తక్కువ చేయవద్దు. శుభ్రమైన గాజ్ గుడ్డ, కొత్తగా తెరిచిన చిన్న సీసా, ఓపిక ఉన్న చెయ్యి ఉంటే చాలు.

ఆపరేషన్‌కు వెళ్ళే మన ఇళ్ళవాళ్ళు మర్యాదగా మూడు మాటలు అడగవచ్చు. మందు కొత్తగా తెరిచిందేనా? రాశాక పూర్తిగా ఆరనిస్తారా? ఆల్కహాల్ మందు అయితే కనీసం మూడు నిమిషాలు ఆగాలి, తడి మీద కరెంటు కత్తి నిప్పురవ్వ పడితే మంట అంటుకుంటుంది. మూడోది, వెంట్రుకలు బ్లేడుతో గీస్తారా, క్లిప్పర్‌తో కత్తిరిస్తారా? బ్లేడు గీతల్లో సూక్ష్మజీవులు చేరతాయి కాబట్టి గీయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇంట్లో ముందురోజు మీరే గీసుకుని వెళ్ళకండి.

ప్రతిపాదన వచ్చే సమావేశంలో ఓటుకు పెడతాం. పెద్దాయనకు ఈ వ్యాసం ముందుగానే చదివి వినిపించాం. అంతా విని, "సీసాలు చిన్నవి చేయమను, గుడ్డ మేం నేస్తాం" అన్నారు. ఓటు ఎటు వేస్తారో మాత్రం చెప్పలేదు.